ధర్మసాగర్ బస్సు, బెంగళూరు విమానం

డాక్టరు చదువుకు తెలంగాణ రాష్ట్రం సొంతంగా పెట్టుకున్న ఎంసెట్ పరీక్ష 2016లో మూడుసార్లు జరిగింది. ఆ తర్వాత మళ్లీ జరగలేదు. మూడు దశాబ్దాల పాటు ఏ ఇంట్లో బైపీసీ చదివే పిల్ల ఉన్నా, ఆ ఇంటి పెళ్లిళ్లూ పుట్టు వెంట్రుకలూ అన్నీ ఎంసెట్ తేదీ చూసుకునే పెట్టుకున్నారు. ఆ ఎంసెట్‌లో మెడిసిన్ భాగం ఆ ఏడు కూలిపోయింది. అది లోపల పుచ్చిందని మొదట పసిగట్టింది వరంగల్ జిల్లా తల్లిదండ్రులేనని అప్పటి పత్రికలు రాశాయి. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎవరు ఎక్కడ దొరికారు అన్న కథ చాలామంది చెప్పారు. దొంగతనం జరిగిన ఇంటి వాళ్ల కథ మాత్రం ఎవరూ సరిగా చెప్పలేదు. అది నేను ధర్మసాగర్ నుంచి చెప్తాను.

హన్మకొండ నుంచి కాజీపేట దాటి పోతే ధర్మసాగర్. ఊరి పక్కన సముద్రమంత చెరువు. ఎక్కడో గంగారం దగ్గర గోదావరిలోంచి ఎత్తిపోసిన దేవాదుల నీళ్లు భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా వచ్చి ఇందులో పడతాయి. వరంగల్ నగరం గొంతు తడిపే నీళ్లలో ఇక్కడివి ఉన్నాయి. మండలంలో ఒకవైపు ఇనుపరాతి గుట్టలు, మిగతాదంతా వరి, పత్తి, మక్క. ఊళ్లో ఎవరికి జ్వరం తిరగబెట్టినా, పాము కరిచినా, పురుగుల మందు తాగినా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికే ఉరుకుతారు. ఆ ఆసుపత్రి వరండాలో తెల్లకోటు వేసుకుని తిరిగే పిల్లలు 1959లో పెట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ వాళ్లు. అంటే ధర్మసాగర్ పిల్లకు డాక్టరు అనే మనిషి టీవీలో కనిపించే దేవుడు కాదు. నాయనమ్మ మంచం పక్కన నిలబడి బీపీ చూసిన అక్క. బస్సెక్కితే గంటలోపే ఆ కాలేజీ గేటు ముందు దిగొచ్చు. అంత దగ్గర కాబట్టే ఆశ అంత గట్టిగా పట్టుకుంటుంది.

అధికారం కూడా దూరమేమీ కాదు. ధర్మసాగర్ మండలం స్టేషన్ ఘన్‌పూర్ నియోజకవర్గంలోది. కొత్త రాష్ట్రానికి తొలి ఆరోగ్య మంత్రి అప్పటి ఇక్కడి ఎమ్మెల్యే, పిల్లల డాక్టరు తాటికొండ రాజయ్య. 2015 జనవరిలో ఆయన పదవి పోయాక ఉప ముఖ్యమంత్రి అయి విద్యాశాఖ చూసిన కడియం శ్రీహరి, అంతకు ముందు ఇదే నియోజకవర్గం నుంచి గెలిచినవారు. ఆరోగ్యం మనోళ్లదే, చదువు మనోళ్లదే అని ఊళ్లో అనుకున్న రోజులున్నాయి.

పాత తరం వాళ్లను కదిలిస్తే మెడిసిన్ సీటు ప్రయాణం అంటే విజయవాడ ప్రయాణమే. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది, సీట్లు ప్రవేశ పరీక్ష మార్కుల మీదే అన్నారు. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారు. అప్పట్నుంచి ఓరుగల్లు పిల్లలు ర్యాంకు కార్డు పట్టుకుని కాజీపేటలో రైలెక్కేవాళ్లు. తండ్రి చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి చదివిన బళ్ల స్టడీ సర్టిఫికెట్లు, ఎమ్మార్వో సంతకం పెట్టిన కులం కాగితం, ఆదాయం కాగితం, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు, గెజిటెడ్ ఆఫీసరు ముద్రలు, బ్యాంకులో తీసిన డీడీ, అర డజను ఫొటోలు. అందులో ఒక్క కాగితం తక్కువైనా ర్యాంకు చేతిలో ఉండి సీటు చేజారుతుందని భయం. ఆ భయంతోనే రాత్రంతా కవరును తలకింద పెట్టుకుని పడుకున్న తండ్రులు నాకు తెలుసు. అయినా ఆ ప్రయాణంలో ఒక ధైర్యం ఉండేది. హాల్లో నీ ర్యాంకు పిలుస్తారు, నువ్వు లేచి నిలబడతావు, మిగిలిన సీట్లు కళ్లెదుట కనిపిస్తాయి, నీకు కావాల్సింది నువ్వే చెప్తావు. నీకంటే ముందు పోయినవాడు నీకంటే బాగా రాసినవాడు. ఎంత నిర్దయగా ఉన్నా అది న్యాయమే అని ఓడిపోయినవాడు కూడా ఒప్పుకుని ఇంటికి తిరిగొచ్చేవాడు. కష్టం, ఖర్చు, ఎండ, దోమలు, లాడ్జి గది అన్నీ భరించింది ఆ ఒక్క నమ్మకం కోసం.

2016 ఆ నమ్మకాన్ని ముందు అలసటతో చంపింది, తర్వాత మోసంతో.

ఎంసెట్ మొదట మే 2న అన్నారు. ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలతో పేచీ వచ్చి మే 15కు జరిగింది. ఈలోపు ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు మెడిసిన్‌కు దేశమంతటికీ నీట్ అనే ఒకే పరీక్ష ఉండాలంది. మే 1న నీట్ తొలి విడత అయిపోయింది. మే 15న ఎంసెట్ రాసిన బైపీసీ పిల్లలకు ఆ ర్యాంకు వ్యవసాయం, పశువైద్యం లాంటి కోర్సులకే తప్ప ఎంబీబీఎస్‌కు చెల్లదని తేలింది. మే 24న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, ఆ ఒక్క ఏడాదికి రాష్ట్రాల కోటా సీట్లు రాష్ట్రాల పరీక్షతోనే నింపుకోవచ్చంది. దాంతో ఎంబీబీఎస్, బీడీఎస్‌ల కోసమే ఎంసెట్-2 పుట్టింది. తేదీ జూలై 9, శనివారం. నీట్ రెండో విడత జూలై 24. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లకు ఒక పుస్తకం మూసే వ్యవధి లేదు. ఒక పరీక్ష తెలుగు అకాడమీ పుస్తకం మీద, ఇంకొకటి ఎన్సీఈఆర్టీ మీద. హాస్టల్లో లాంగ్‌టర్మ్ కోచింగ్ గడువు పొడిగించినప్పుడల్లా తండ్రి ఇంకో అప్పు పత్రం మీద సంతకం పెట్టాడు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఏప్రిల్ 29న రాసిన ఎంసెట్టే మెడిసిన్‌కూ సరిపోయింది. గట్టు ఆ పక్క పిల్లలు నిమ్మళంగా ఉంటే ఈ పక్క పిల్లలు పరుగెత్తారు.

జూలై 9 పొద్దున ధర్మసాగర్‌లో ఒక ఇల్లు. పేరు చెప్పను, ఆ అమ్మాయి ఇప్పుడు తన బతుకు తాను బతుకుతోంది. రెండెకరాల పొలం, పెంకుటిల్లు. ముందురోజు సాయంత్రమే తండ్రి హన్మకొండ పోయి సెంటర్ చూసొచ్చాడు. బస్టాండు నుంచి ఎటు మళ్లాలి, ఆటో ఎంత అడుగుతడు, గేటు ఏ వైపు, నీడ ఎక్కడుంది అన్నీ చూసుకున్నాడు. ఎందుకంటే మన పరీక్షల్లో నిమిషం నిబంధన ఉంది. నిమిషం ఆలస్యమైనా గేటు మూస్తారు. ఏటా ఎవరో ఒక పిల్ల మూసిన గేటు పట్టుకుని ఏడుస్తున్న ఫొటో మరుసటి రోజు పేపర్లో వస్తుంది. ఆ ఫొటోలో తన బిడ్డ ఉండకూడదు.

నాలుగింటికే లైటు వేశారు. తల్లి అన్నం వండి, పెరుగు కలిపి సద్ది కట్టింది. హాల్‌టికెట్టు, రెండు బాల్‌పెన్నులు, ఆధార్ కార్డు, ఫొటో ఒక కవర్లో పెట్టి, ఆ కవరును ఇంకో కవర్లో పెట్టారు, వాన మబ్బు పట్టి ఉంది మరి.

"నిద్ర వట్టిందా బిడ్డా?"

"పట్టింది బాపు."

"ఏడింటి బస్సు తప్పితే ఆటో మాట్లాడుకుందం. నువ్వు పరేషాన్ గాకు."

బస్సు తప్పలేదు. కాజీపేట దగ్గర ట్రాఫిక్‌లో కాసేపు ఆగితే తండ్రి రెండుసార్లు లేచి నిలబడి డ్రైవర్ భుజం మీదుగా ముందుకు చూశాడు. తొమ్మిది కాకముందే గేటు దగ్గరున్నారు. పదింటి నుంచి ఒంటిగంట దాకా 160 ప్రశ్నలు. వృక్షశాస్త్రం 40, జంతుశాస్త్రం 40, భౌతికం 40, రసాయనం 40. ఆ మూడు గంటలూ బయట కానుగ చెట్టు కింద ఇరవై ముప్పై మంది తండ్రులు పేపరు పరుచుకుని కూర్చున్నారు, ఆ పేపరు చదవకుండా. మాట్లాడుకుంటే నాట్ల గురించి, పత్తి గింజల ధర గురించి. లోపలి సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్ల బయటికి వచ్చాక "ఎట్ల రాసినవ్?" అని కూడా అడగలేదట ఆ తండ్రి, ముందు సద్ది విప్పి ఇచ్చాడట. ఆ సంగతి ఆమె నాకు చెప్పినప్పుడు నవ్వింది.

అదే వారంలో ఇంకో ప్రయాణం జరిగింది. దాని ఏర్పాట్లు చూస్తే కడుపు మండుతుంది. ఎందుకంటే అవి చాలా బాగున్నాయి.

జేఎన్‌టీయూ తయారు చేసిన ప్రశ్నపత్రం ముద్రణకు ఢిల్లీలోని ఒక ప్రెస్సుకు పోయింది. పేపరు అక్కడి నుంచే బయటికి జారిందని సీఐడీ తేల్చింది. జారిన పేపరును అమ్మినవాళ్లు కాగితం చేతిలో పెట్టి పొమ్మనలేదు. పెడితే అది ఊరంతా పాకుతుంది, సరుకు విలువ పోతుంది. అందుకని పిల్లలనే తరలించారు. పరీక్షకు రెండు మూడు రోజుల ముందు జట్లు జట్లుగా బెంగళూరు, ముంబయి, పుణె, కోల్‌కతా వంటి నగరాలకు తీసుకుపోయారు. టికెట్లు వాళ్లే కొన్నారు. గదులు వాళ్లే తీశారు. ఫోన్లు తీసేసుకున్నారు. ప్రశ్నలూ జవాబులూ ముందు పెట్టి బట్టీ పట్టించారు. ఏ సెట్ వచ్చినా దెబ్బతినకుండా రెండు సెట్లూ చదివించారు. పరీక్ష గంటకు అందేలా వెనక్కి తెచ్చి ఎవరి సెంటర్లో వాళ్లను దించారు. ఒక్కొక్కరి దగ్గర 30 లక్షల నుంచి 50 లక్షల వరకు మాట్లాడుకున్నారని, ముందు కొంత పుచ్చుకుని మిగతా దానికి హామీగా పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్నారని దర్యాప్తులో బయటపడ్డ వివరాలు పత్రికల్లో వచ్చాయి. అలా పోయినవాళ్లు రెండు వందలకు పైనే ఉన్నారన్నారు.

ఒక ఆడపిల్లను ముక్కూ ముఖం తెలియని మనుషుల వెంట, ఫోను కూడా లేకుండా, వేరే రాష్ట్రంలోని గదికి పంపిన తల్లిదండ్రులు వాళ్లు. పక్క ఊరి జాతరకు పంపాలంటే పది ప్రశ్నలు అడిగే ఇళ్లు మనవి. ఆ ఇళ్లే ఇంత ధైర్యం ఎట్లా చేశాయో ఆలోచిస్తే, డబ్బు లెక్క కొంత అర్థమవుతుంది. అప్పట్లో ప్రభుత్వ కాలేజీలో ఏడాది ఫీజు 10,000. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా అయితే 60,000. అదే కాలేజీలో యాజమాన్య కోటా బి-కేటగిరీ అయితే ఏడాదికి సుమారు 9 లక్షలు. ఐదేళ్లకు లెక్క వేసుకోండి, బ్రోకరు అడిగిన ధర ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఎట్లాగూ అంత పెట్టి కొనగలిగిన వాళ్లు, కొనుక్కునే సీట్ల వరుసలో నిలబడకుండా, కొనలేని వాళ్ల వరుసలోకి వచ్చి ముందు నిలబడ్డారు. నా కోపమంతా ఇక్కడే. వాళ్లు కాజేసింది ప్రశ్నపత్రం కాదు. పదివేల ఫీజు సీటు. ఆ సీటు తప్ప డాక్టరయ్యే దారి ఇంకోటి లేని పిల్లల సీటు.

మనకు మూడేళ్ల ముందే మధ్యప్రదేశ్‌లో ఇదంతా జరిగింది. 2013 జూలై 6 రాత్రి ఇండోర్ పోలీసులు హోటళ్లలో సోదా చేసి, మర్నాడు ఇతరుల బదులు మెడికల్ పరీక్ష రాయడానికి వచ్చి దిగిన ఇరవై మందిని పట్టుకున్నారు. వ్యాపం కుంభకోణం అలా ఒక హోటల్ గది తలుపు కొడితే బయటపడింది. పరీక్షల దొంగతనం ఎప్పుడైనా ప్రయాణాల దొంగతనమే. ఎవరు ఎక్కడ దిగారు, ఏ గదిలో పడుకున్నారు, ఎవరి టికెట్ ఎవరు కొన్నారు అన్నదాంట్లోనే దొంగ దొరుకుతాడు. ఇక్కడ కూడా సీఐడీ పట్టుకున్న దారి అదే. పిల్లల ఫోన్లు ఎక్కడ ఆగాయో, వాళ్లు ఎక్కడికి పోయొచ్చారో కూడగట్టుకుంటూ పోయింది.

2016 జూలై 14న ఎంసెట్-2 ర్యాంకులు వచ్చాయి. మర్నాడు తొలి ఏకాదశి. ధర్మసాగర్ ఇంట్లో ఆ అమ్మాయికి వచ్చింది మొదటి వరుసలో ర్యాంకేమీ కాదు. కానీ తన కేటగిరీలో సీటు అంచున ఉన్న ర్యాంకు. ఇంటర్ మార్కులకు 25 శాతం, ఎంసెట్‌కు 75 శాతం కలిపి తీసే ఆ అంకె కోసం తండ్రి ముందటేడు కటాఫ్‌లు రాసుకున్న నోటుబుక్కు తీసి వేలితో కొలిచాడు. వస్తది. ప్రభుత్వ కాలేజీలో రాకపోతే ప్రైవేటులో కన్వీనర్ కోటాలో వస్తది. ఇంటి ముందు పేలాల పిండి పంచారు. కులం సర్టిఫికెట్టు కొత్తది తీయాలని మీసేవకు పోయాడు. ఆ రోజుల్లోనే వరంగల్‌లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పని మొదలుపెట్టింది, ఇక విజయవాడ రైలు ఎక్కే బాధ లేదు. సొంత జిల్లా, సొంత యూనివర్సిటీ, గంటలోపు ప్రయాణం. ఇంతకంటే మంచి కాలం ఓరుగల్లు పిల్లకు ఎప్పుడు వచ్చింది?

సరిగ్గా అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. మే నెల ఎంసెట్‌లో వేలల్లో ర్యాంకు వచ్చిన పిల్లలు రెండు నెలల్లో వెయ్యి లోపలికి ఎట్లా వచ్చారు? ఒకే హాస్టల్లో, ఒకే తరగతిలో కూర్చున్నవాళ్లకు ఎవరి సత్తా ఎంతో తెలుసు. పరీక్షకు ముందు మూడు రోజులు ఎవరు మాయమయ్యారో కూడా తెలుసు. పిల్లలు తల్లిదండ్రులకు చెప్పారు, తల్లిదండ్రులు పైకి చెప్పారు. మామూలు మనుషులు గట్టిగా పట్టుబట్టినందుకే ఇది బయటపడింది. ఆ సంగతి మాత్రం ఎవరూ మరిచిపోకూడదు. ప్రభుత్వం దర్యాప్తును సీఐడీకి అప్పగించింది. నెలాఖరుకల్లా అరెస్టులు మొదలయ్యాయి. ఆగస్టు 2న ఎంసెట్-2ను రద్దు చేశారు.

రద్దు తప్పదు. ఎవరు కొన్నారో, ఎవరు కొనలేదో వేరుచేయలేని జాబితా మీద డాక్టర్లను తయారు చేయకూడదు. అది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ రద్దు అన్న మాట యాభై వేల మంది మీద ఒక్కసారిగా పడింది. ర్యాంకు వచ్చి పందొమ్మిది రోజులే అయింది. ఆ పందొమ్మిది రోజుల్లో చివరి వారం మరీ పాడుది. టీవీలో ఎంసెట్ లీక్ అని ఎర్రక్షరాలు తిరుగుతుంటే మంచి ర్యాంకు వచ్చిన ప్రతి ఇంటి మీదా కళ్లు పడ్డాయి. హోటల్లో చాయ తాగుతుంటే ఒకతను ఆ తండ్రిని అడిగాడు, "నువ్వెంత ఇచ్చినవే?" అని. ఊరికే అన్న మాట. తండ్రి చాయ గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చాడు. అప్పు పుస్తకాలు తీసి భార్య ముందు పెట్టి, ఇదిగో నేనిచ్చింది ఇంత, హాస్టలుకు ఇంత, బస్సుకు ఇంత అని చదివాడు. ఆమెకు తెలియదా? తెలుసు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. ఆ పిల్ల మాత్రం ఆ రోజు నుంచి బయటికి పోవడం మానేసింది. కొన్నవాళ్ల సిగ్గును కొననివాళ్లు మోశారు.

మూడో పరీక్ష సెప్టెంబర్ 11, ఆదివారం. వినాయక చవితికీ నిమజ్జనానికీ మధ్య రోజు. గల్లీకో మండపం, మండపానికో మైకు. కొన్ని ఊళ్లల్లో పెద్దలు పరీక్ష ఉందని మైకులు తగ్గించారు, కొన్నిచోట్ల తగ్గించలేదు. పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని అవే అధ్యాయాలు మళ్లీ చదివింది. ఒకసారి బాగా రాసిన పరీక్షను మళ్లీ రాయడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుసు. మొదటిసారి భయంలోంచి ఊపు పుడుతుంది. రెండోసారి ఆ ఊపు రాదు, పోయినదాన్ని పట్టుకోవాలన్న ఆత్రమే ఉంటుంది, ఆత్రంలో చెయ్యి తప్పుతుంది. సర్కారు మళ్లీ ఫీజు కట్టనవసరం లేదంది. హాల్‌టికెట్టు చూపిస్తే ఆర్టీసీ బస్సులో టికెట్టు అక్కర్లేదంది. ఆ పొద్దున ధర్మసాగర్ నుంచి పోయే బస్సులో కండక్టరు హాల్‌టికెట్టు చేతికి తీసుకుని చూసి, "మంచిగ రాయి బిడ్డా" అని తిరిగి ఇచ్చాడు. తండ్రికి మాత్రం టికెట్టు కొట్టాడు.

ఆ పరీక్షకు రెండు రోజుల ముందు కాళోజీ జయంతి. ధర్మసాగర్ పోయే దారికి దగ్గర్లోనే ఉన్న మడికొండ ఆయన ఊరు. 2002లో పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం ఆయన దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు, పిల్లలు చదువుకోవడానికి. అన్యాయం ఎక్కడ కనిపించినా గొంతు చించుకున్న మనిషి, చివరికి తన ఒంటిని కూడా వైద్య విద్యార్థులకు రాసిచ్చి పోయిన మనిషి. ఆయన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం తన మొదటి ఏడాది ప్రవేశాలను ఈ మురికి కడుక్కుంటూ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు ఆగదు.

ఆ అమ్మాయికి మూడో పరీక్షలో ర్యాంకు రెండోదానికంటే వెనక వచ్చింది. అంచున ఉన్నది అంచు దాటింది. ఇంకో ఏడు లాంగ్‌టర్మ్ పెట్టిద్దామని తండ్రి అన్నాడు, తమ్ముడి ఫీజు ఎట్లా అని పిల్లే వద్దంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఇప్పుడు హన్మకొండలో రక్త పరీక్షలు చేస్తోంది. నరం దొరకని ముసలివాళ్ల చేతులు కూడా ఆమెకు ఒక్క పోటుకే దొరుకుతాయని అక్కడ పేరు. మొన్న మాట్లాడినప్పుడు, 2016 బ్యాచ్ హౌస్‌సర్జన్లు ఎంజీఎంకు వచ్చినప్పుడు తను ఒకటి రెండుసార్లు ఆ వరండాలో ఆగి వాళ్ల ముఖాల్లోకి చూశానంది. "వీళ్లల్ల ఎవరన్న కొన్నరా అని కాదన్నా. నాతోని రాసినోళ్లు కదా, ఎట్లున్నరో అని."

మూడో పరీక్ష అయి నెల తిరిగేసరికి, 2016 అక్టోబర్ 11న జిల్లాలు చీలాయి. ధర్మసాగర్ వరంగల్ అర్బన్ జిల్లాలోకి పోయింది, ఆ జిల్లాకు 2021లో హన్మకొండ అని పేరు పెట్టారు. 2017 నుంచి మెడిసిన్‌కు నీట్ ఒక్కటే దిక్కయింది. తెలుగులో రాసే వీలు కూడా ఆ ఏడే వచ్చింది. ఎంసెట్ ఇంజినీరింగుకూ వ్యవసాయానికీ మిగిలి, తర్వాత ఈఏపీసెట్ అయింది. 2018 జూలైలో ఒక కార్పొరేట్ కాలేజీ డీన్‌ను సీఐడీ అరెస్టు చేసింది. అప్పటికి పేపర్లో ఆ వార్త లోపలి పేజీకి పోయింది.

రాష్ట్రం పరీక్ష పోయి దేశం పరీక్ష వస్తే దొంగలు ఆగిపోతారని ఆనాడు కొందరు పెద్దలు చెప్పారు. 2024 మే 5 నీట్‌కు ముందు పట్నాలో పిల్లలను ఒకచోట చేర్చి, జారిన పేపరు ముందు పెట్టి, బట్టీ పట్టించారు. మన బెంగళూరు గదుల్లో జరిగిందే అక్కడా జరిగింది. పేపరు హజారీబాగ్‌లో పోయిందని సీబీఐ చెప్పింది. ఈసారి సుప్రీంకోర్టు పరీక్షను రద్దు చేయలేదు. అక్రమం మొత్తం పరీక్షను చెరిపేసేంత విస్తరించలేదన్నది. రద్దు చేస్తే నిజాయితీపరులు మళ్లీ రాయాలి, చేయకపోతే దొంగల పక్కన కూర్చోవాలి. రెండిట్లోనూ నష్టపోయేది ఏడింటి బస్సులో పోయిన పిల్లే. ఆ పిల్ల ఏ కేసులోనూ ఫిర్యాదుదారు కాదు, ఏ చార్జిషీట్‌లోనూ బాధితురాలు కాదు. 2016లో ఆ పిల్లలకు జరిగినదానికి పరిహారంగా ప్రభుత్వం ఇచ్చింది మూడో పరీక్ష ఫీజూ, ఆ రోజు బస్సు చార్జీ.